పొద్దుగూకని ఊళ్ళో అంటు కట్టిన సర్వరు

మందారలంకలో ఎవరికైనా తెలివి తక్కువ పడితే ఎవరింటికి వెళ్ళి చేబదులు తెచ్చుకోవాలో తాతబ్బాయికి తెలుసు. తన ఇంటికే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, ఆయనే అనుకున్నాడు. పొద్దున్నే వేపపుల్ల నములుతూ నర్సరీ గేటు దగ్గర నిలబడి, దారినపోయేవాళ్ళను చూసి, "పాపం, మా అంత బుర్ర లేకపోయినా వీళ్ళూ ఎలాగో బతికేస్తున్నారు" అని జాలిపడేవాడు. లోపలి నుంచి ఆయన భార్య బుల్లెమ్మ, "పైకి అనకండి, వింటే కుళ్ళుకుంటారు" అని సర్దిచెప్పేది.

ఆ ఇంట్లో నలుగురు. తాతబ్బాయి, బుల్లెమ్మ, తాతబ్బాయి తమ్ముళ్ళు అబ్బులూ చిట్టియ్యా. గోదారి పాయ పక్కన వాళ్ళకో మొక్కల నర్సరీ ఉంది. మామిడి అంట్లు, సపోటా, జామ, నిమ్మ, పనస, అడిగినవల్లా దొరుకుతాయి. మొక్కల పనిలో వాళ్ళ చెయ్యి చాలా మంచిది. ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుందనేవారు. చిక్కల్లా చేతులు ఆగి, బుర్రలు కదలడం మొదలెట్టినప్పుడే.

రెండేళ్ళ కిందట వాళ్ళ నాన్న పోతూ పోతూ, "మొక్కల్ని పిల్లల్లా చూసుకోండిరా" అన్నాడు. అంతే. పెద్దకర్మ అయిన మర్నాడే అన్నదమ్ములు ముగ్గురూ రెండు జామమొక్కల్ని చంకనేసుకుని బడికి వచ్చేశారు, పేర్లు రాసుకోండి మేస్టారూ అంటూ.

"జామమొక్కలు పలక పట్టుకోలేవు నాయనా" అన్నారు మేస్టారు.

"మా చిట్టియ్య మాత్రం పట్టుకున్నాడేటండీ? అయినా చేర్చుకున్నారు కదా!" అన్నాడు అబ్బులు.

మేస్టారు నెత్తి గోక్కుని గునపం తెప్పించారు. ఆ రెండు మొక్కల్నీ బడి దొడ్లో నాటించారు. అవి ఈమధ్యే కాపుకొచ్చాయి. "మా పిల్లలిద్దరూ చదువైపోగానే బళ్ళోనే స్థిరపడ్డారు" అని బుల్లెమ్మ చుట్టాలకి చెప్పుకుంటుంది.

నాన్న పోతూ మాటతో పాటు మొక్కలు కూడా వదిలిపోయాడు. తన చేత్తో కట్టిన ఆఖరి అంట్లు, పెద్దరసం మామిడివి. ఓ మడి నిండా నల్ల సంచుల్లో ఉన్నాయి. నిరుడే నేల దిగాల్సినవి. వరదొచ్చి వ్యాన్లు తిరగక ఆగిపోయాయి. మొక్క సంచీలో ఎక్కువకాలం ఉంటే వేరు పోయే దారి లేక లోపలే సుడి తిరిగిపోతుంది. వేరు సుడి తిరిగిన మొక్కని తర్వాత ఎక్కడ నాటినా ఎదగదు. ఈ తొలకరికి వాటిని నేల దింపాల్సిందే. తాతబ్బాయి రోజూ ఆ మడిలోకి వెళ్ళి, సంచుల అడుగు తడిమి చూసి, "ఇంకొక్క నెల ఓర్చుకోండి నాన్నా" అనేవాడు.

వాటిని కొనేవాళ్ళు ఊళ్ళో లేరు, గల్ఫ్‌లో ఉన్నారు. అక్కడ పనులు చేసుకునే మన జిల్లా వాళ్ళు నర్సరీ వెబ్‌సైటులో మొక్కల బొమ్మలు చూసి ఆర్డరు పెడతారు. వానలు పడగానే అన్నదమ్ములు వ్యాను వేసుకెళ్ళి, ఆర్డరు పెట్టినవాళ్ళ ఊళ్ళలో, వాళ్ళ పెరళ్ళలోనే నాటి, ఫొటో తీసి పంపుతారు. ఆ వెబ్‌సైటు తయారుచేసిందీ, నడిపిస్తున్నదీ టౌన్లో కంప్యూటర్ల కొట్టు పెట్టుకున్న జోగారావు.

రోహిణి ఎండలు మండిపోతున్న రోజుల్లో జోగారావు కబురు పెట్టాడు. నలుగురూ వెళ్ళారు.

"కొట్టు ఎత్తేస్తున్నానండీ. మా అత్తగారి ఊరు భీమవరం వెళ్ళిపోతున్నాం. మీ వెబ్‌సైటు ఉన్నది ఇదిగో, ఈ సర్వరులో. దీన్నిక ఆపేయాలి" అని మూలనున్న నల్లపెట్టెని చూపించాడు.

పెట్టె మీద ఒక పక్షి బొమ్మ అంటించి ఉంది. తెల్లటి పొట్ట, పచ్చటి ముక్కు, బొద్దుగా కూర్చుని ఉంది.

"బాతా బాబూ?" అంది బుల్లెమ్మ.

"పెంగ్విన్ అండీ. ఇది లినక్స్ సర్వరు. లినక్స్‌కి గుర్తు ఆ పక్షి."

"ఎక్కడుంటుందేటి ఇది?"

"మంచులోనండీ. చలి దేశాల్లో."

"ఓరి నాయనో! చలి దేశపు జీవాన్ని తెచ్చి ఇన్నాళ్ళూ ఈ రేకుల కొట్లో ఉడకబెడుతున్నావా? నోరు లేదనే కదా!" అంటూ బుల్లెమ్మ చీరచెంగుతో పెట్టెకి విసరడం మొదలెట్టింది. అబ్బులు కొట్టు బయటికి పరిగెత్తి ఐసు గోళా కొనుక్కొచ్చాడు. దాన్ని పెట్టె మీద పెట్టబోతుంటే జోగారావు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అది ఉత్త బొమ్మండీ! లోపల పక్షీ లేదు, గుడ్డూ లేదు. లినక్స్ అంటే కంప్యూటర్ని నడిపించే ఒక ఏర్పాటు, అంతే. ముందు నా మాట వినండి. విదేశాల్లో పెద్దపెద్ద కంపెనీలు ఇలాంటి సర్వర్లు వేలకి వేలు పెట్టుకుని అద్దెకిస్తాయి. హోస్టింగ్ అంటారు. ఒకటి మనం తీసుకుంటే, ఇందులో ఉన్నదంతా నేను అందులోకి పంపేస్తాను. దుబాయిలో ఒకటి, సింగపూర్లో ఒకటి, ఫిన్లాండులో ఒకటి, మూడు కంపెనీలు చూసి పెట్టాను. ఫోన్లో మీరు తెలుగులో రాయండి, వాళ్ళకి ఇంగ్లీషులో కనబడుతుంది. వాళ్ళు రాసింది మీకు తెలుగులో వస్తుంది. అడగాల్సినవన్నీ అడిగి ఒకటి తేల్చండి. ఆరుద్ర కార్తె లోపల అయిపోవాలి. లేదంటే ఈ ఏడు మీకు ఆర్డర్లు రావు."

తాతబ్బాయికి నాన్న అంట్లు కళ్ళముందు మెదిలాయి. వాటి వేళ్ళ దిగులంతా జోగారావుకి చెప్పుకున్నాడు. "ఏమేం అడగాలి బాబూ?"

"మీ మొక్క ఇంకొకరి చేతికిచ్చేముందు ఏమేం అడుగుతారో అవే అడగండి. మీకు తెలియనిదేముంది!"

ఆ ఆఖరి మాట ఆయన మర్యాదకన్నాడు. తాతబ్బాయి దాన్ని మెళ్ళో దండలా వేయించుకుని ఇంటికొచ్చాడు.

ఇంకేముంది. నర్సరీ వాళ్ళు మొక్క ఇచ్చేముందు అడిగేవి మూడు. నేల ఎలాంటిది, నీరు ఎలాంటిది, నీడ ఉందా. చిట్టియ్య అరుగు మీద ఫోను పట్టుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ళు చుట్టూ చేరారు. ముందు దుబాయి కంపెనీ.

"మీ వైపు ఎండ ఎలా ఉంటుందండీ?" అని రాయించాడు తాతబ్బాయి.

"బయట చాలా ఎక్కువే. కానీ మా గదులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి" అని జవాబొచ్చింది.

"అంటే గది దాటి బయటికి రాకూడదన్నమాట. పక్షిని పట్టుకెళ్ళి గదిలో పెట్టి గొళ్ళెం పెడతాడట! వద్దు" అంది బుల్లెమ్మ. దుబాయి పోయింది.

సింగపూర్ కంపెనీ వాడు అడక్కముందే గొప్పలు చెప్పుకున్నాడు. "మా సర్వర్లు నూటికి తొంభైతొమ్మిది పాయింటు తొమ్మిది పాళ్ళు బతికే ఉంటాయి. మాట ఇస్తున్నాం" అని.

ముగ్గురన్నదమ్ములూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"ఒరే అబ్బులూ, మన నాన్న చేతి అంట్లే నూటికి ఎన్ని బతికేవిరా?"

"కాలం బావుంటే ఎనభై. గాలి తిరిగితే అరవై."

"నాన్న కన్నా మొనగాడా వీడు? నూటికి తొంభైతొమ్మిదిట, పైన ఓ ముక్క కూడానట! ఏ నర్సరీ వాడైనా ఇలా అన్నాడంటే నారు దొంగనారే" అన్నాడు తాతబ్బాయి. చిట్టియ్య చేత "అబద్ధాలాడితే ఆడపిల్లలు పుడతారు" అని రాయించబోయాడు. బుల్లెమ్మ గుర్రుగా చూసింది. "అబద్ధాలాడితే అరటి గెల వెయ్యదు" అని మార్చి రాయించాడు. సింగపూరు కూడా పోయింది.

ఇక మిగిలింది ఫిన్లాండు. అక్కణ్ణుంచి మాట్లాడిన పిల్ల పేరు హెల్మీ. మంచి ఓపిక గల పిల్ల.

"నేల ఎలాంటిదమ్మా?"

"మా దగ్గర సర్వర్లని నేల మీద పెట్టం. నేలకి ఎత్తుగా ఇంకో నేల కట్టి, దానిమీద పెడతాం. కింద నుంచి గాలి ఆడుతుంది."

"ఎత్తుమడి!" అన్నాడు అబ్బులు సంతోషంగా. "వరదొచ్చినా మునగదు."

"నీళ్ళో?"

"పక్కనే చల్లటి నీళ్ళ సరస్సుంది. ఆ నీరు గొట్టాల్లో రాత్రింబవళ్ళూ తిరుగుతూ వేడి లాగేస్తుంది."

"కాలువ సదుపాయం. మరి నీడ?"

"భవనానికి కిటికీలే లేవండి. ఎండ అస్సలు పడదు."

"అమ్మా, మీ దేశంలో పెంగ్విన్లు ఉన్నాయా?" అని బుల్లెమ్మ అడిగించింది.

ఆ పిల్ల, "లేవండి. అవి భూమికి అటు చివర ఉంటాయి" అని రాసింది.

"మరీ మంచిది. పోటీ లేదు. మేతంతా మనదానికే" అంది బుల్లెమ్మ.

సర్వరు ఏ సైజుది కావాలని హెల్మీ అడిగింది. చిన్నది, నడిమిది, పెద్దది ఉన్నాయట. చిన్నదాన్ని తర్వాత పెద్దది చేసుకోవచ్చట కూడా.

"విన్నారా, పెరిగే జాతిది!" అన్నాడు తాతబ్బాయి. "పెరిగేదాన్ని ఎవడైనా పెద్దది కొంటాడా? నారు కొనుక్కుంటే అదే ఎదుగుతుంది." అన్నింట్లోకీ చిన్నదాన్ని తీసుకున్నారు. ఆ పూట ఇంట్లో పాయసం వండుకున్నారు.

"బేరం కుదిరింది" అని ఫోన్లో చెబితే జోగారావు ఊపిరి పీల్చుకున్నాడు. "మంచిదండీ. రేపు మార్చేద్దాం. నేను భోంచేసి వచ్చేసరికి మీరు కొట్టు దగ్గరుండండి" అన్నాడు.

మార్చడం అన్నాడా! అంతే. మర్నాడు జోగారావు భోజనానికి వెళ్ళగానే అన్నదమ్ములు గునపాలు తీశారు. మొక్కని మార్చేటప్పుడు వేరు చుట్టూ మట్టిగడ్డ చెదరకూడదు. నల్లపెట్టె చుట్టూ గుండ్రంగా గీత గీసి గచ్చు పగలగొట్టారు. చుట్టూ తవ్వుకుంటూ అడుక్కి దిగారు. బుల్లెమ్మ తడిపిన గోనెపట్టా, అరటినార సిద్ధంగా పట్టుకుని నిలబడింది. జోగారావు వక్కపలుకు నములుతూ వచ్చేసరికి కొట్టు మధ్యలో మోకాల్లోతు గొయ్యి, గొయ్యి మధ్యలో మట్టిదిమ్మ, దాని మీద సింహాసనమెక్కినట్టు సర్వరు.

"ఏం చేస్తున్నారండీ బాబూ!" నోట్లో వక్క కాస్తా మింగేశాడు.

"కంగారు పడకు బాబూ. ఒక్క వేరు తెగలేదు" అని అబ్బులు వెనకనున్న వైర్లు చూపించాడు. నిజమే, వైర్ల చుట్టూ మట్టిని చేత్తోనే తీశారు పాపం.

"కొట్టు అద్దెదండీ! ఓనరుకి నేనేం చెప్పను? పెట్టె ఎక్కడికీ రాదు, ఇక్కడే ఉంటుంది. లోపలున్నది మాత్రమే వెళ్తుంది!"

"మొక్క కదలకుండా మొక్క ఎలా వెళ్తుంది బాబూ?" అన్నాడు తాతబ్బాయి. ఆయన అడిగిన తీరు చూస్తే జోగారావుకే అనుమానమొచ్చింది.

జోగారావు నుదురు కొట్టుకున్నాడు. వాళ్ళకి తెలిసిన భాషలో చెబితే సరిపోతుందనుకున్నాడు. అదే ఆయన చేసిన తప్పు. "ఇలా చూడండి. మీరు అంటు కడతారు కదా. తల్లిచెట్టు ఉన్నచోటే ఉంటుంది. దాని పుల్ల ఒకటి తెచ్చి ఇంకో మొక్కకి కడతారు. అది అతుక్కుని అదే చెట్టవుతుంది. ఇదీ అంతే."

నలుగురి మొహాలూ ఒక్కసారి వెలిగాయి.

"అంటు కట్టడమా! ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా. అనవసరంగా తవ్వించావు" అని తాతబ్బాయి కోప్పడ్డాడు. జోగారావు గొయ్యి వంక చూసి, దాని గట్టున కూర్చున్నాడు. "ఇవాళ నావల్ల కాదు. రేపు భీమవరం నుంచే చేస్తాను. ఈ పెట్టెకూడా పట్టుకుపోతాను. మీరు ఇంట్లో కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి" అన్నాడు.

ఇంట్లోనే కూర్చున్నారు. కూర్చుంటే బుర్రలు కదిలాయి. అంటుకి పుల్ల కోసేముందు దాని ఆకులు తుంచాలని ఎవరికి తెలియదు? ఆకులు ఉంటే పుల్లలో సారమంతా అవే తాగేస్తాయి, అంటు అతకదు. ఆకు తుంచి కాడ వదిలేస్తారు.

"వెబ్‌సైటుకి ఆకులేవి అన్నయ్యా?" అన్నాడు చిట్టియ్య.

తాతబ్బాయి ఫోను తెరిచి చూశాడు. పేజీ నిండా పచ్చపచ్చగా మొక్కల బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద సన్నగా మొక్క పేరు. "ఇవిగో ఆకులు. కింద ఆ సన్నగీతలు కాడలు. ఆకు తీసి కాడ ఉంచు."

బొమ్మలు పెట్టడం, తీయడం చిట్టియ్య పనే. కూర్చుని ఒక్కొక్క బొమ్మా తీసేశాడు. నాన్న పెద్దరసం బొమ్మ దగ్గరికొచ్చేసరికి వేలు ఆడలేదు.

"దీన్ని ఉంచుదాం అన్నయ్యా."

తాతబ్బాయి ఆ బొమ్మని కండువా కొసతో ఓసారి తుడిచాడు. అయినా, "నాన్న ఉంటే తుంచమనే అనేవాడురా" అన్నాడు. తుంచేశారు. ఉత్త పేర్లు మిగిలాయి. వెబ్‌సైటు పెళ్ళయిపోయిన పందిరిలా బోసిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది అసలు సంగతి. అంటు ఎండపూట కట్టకూడదు. పొద్దు వాలాకే కట్టాలి. ఇక్కడి పొద్దు సరే, కట్టేది ఫిన్లాండులో కదా! వెంటనే హెల్మీకి రాయించారు. "అమ్మా, మీ ఊళ్ళో పొద్దు ఎప్పుడు గూకుతుంది?"

"మాది బాగా ఉత్తరాన ఉన్న ఊరండి. ఈ రోజుల్లో పొద్దు గూకదు" అని జవాబు.

"ఇవాళ కాదమ్మా, రేపు?"

"రేపూ గూకదు. ఎండాకాలం కదా, సూర్యుడు అలా ఆకాశం అంచున తిరుగుతూనే ఉంటాడు. జులైలో ఓ వేళకి గూకుతాడు."

తాతబ్బాయి జోగారావుకి ఫోను చేశాడు. "బాబూ, చెయ్యి ఆపు. అక్కడ పొద్దు గూకలేదు."

"గూకకపోతే మనకేంటండీ?"

"ఎండపూట కడితే అంటు మాడిపోదూ? నువ్వు కంప్యూటర్లు నేర్చుకున్నావు గానీ కాస్త లోకజ్ఞానం నేర్చుకోవాల్సింది."

జోగారావు బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. తాళంచెవి లాంటి కొత్త సర్వరు రహస్యపదం తాతబ్బాయి దగ్గరే ఉంది. అది చెప్పందే ఏమీ జరగదు. ఆయన చెప్పడు. పాత పెట్టె భీమవరంలో ఆపేసి ఉంది, వెబ్‌సైటు ఎవరికీ కనబడడం లేదు. మృగశిర వచ్చింది. మొదటి చినుకు పడింది. ఊళ్ళో మిగతా నర్సరీల వ్యాన్లు కదిలాయి. తాతబ్బాయి రోజూ పొద్దున్నే, మధ్యాహ్నం, సాయంత్రం హెల్మీని అడిగేవాడు. "గూకిందా అమ్మా?" ఆ పిల్ల ప్రతిసారీ, "లేదండి, క్షమించండి" అనేది, సూర్యుణ్ణి తనే పట్టుకుని ఆపినట్టు. తాతబ్బాయి మడిలోకి వెళ్ళి సంచులు తడిమేవాడు. అడుగున వేరు కొసలు గట్టిగా తగులుతున్నాయి. తిండి సయించడం మానేసింది.

ఆరుద్ర దగ్గర పడింది. చివరికి జోగారావుకి ఒక ఉపాయం తట్టింది. "తాతబ్బాయి గారూ, పొద్దు గూకకపోతే పోయె, మబ్బు పడితేనో?"

"మబ్బు పట్టిన రోజయితే దివ్యంగా కట్టొచ్చు!"

హెల్మీని అడిగారు. "ఇవాళ మా ఊళ్ళో దట్టంగా మబ్బుంది, ముసురు కూడా" అంది. అంతే. బుల్లెమ్మ దీపం వెలిగించింది. తాతబ్బాయి రహస్యపదం చెప్పేశాడు. జోగారావు పని అరపూటలో ముగించేశాడు. కొత్త సర్వరులో వెబ్‌సైటు తెరిచి చూస్తే ఒక్క బొమ్మా లేదు, ఉత్త పేర్లు. ఏం జరిగి ఉంటుందో ఊహించుకునే ఓపిక ఆయనకి లేదు. తన దగ్గర దాచిన పాత బొమ్మలన్నీ తీసి ఎక్కడివక్కడ పెట్టేశాడు.

ఇక్కడ అరుగు మీద ఫోను చూస్తున్న చిట్టియ్య కేక పెట్టాడు. "అన్నయ్యా! చిగురేసింది!"

నలుగురూ ఫోను మీదికి వంగారు. ఒక్కొక్క కాడకీ ఆకు. జామకి జామ, పనసకి పనస, నాన్న పెద్దరసానికి పెద్దరసం. తాతబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. "మన చెయ్యి మంచిది. దేశంకాని దేశంలో కూడా అంటు అతుక్కుంది."

నిజంగానే అన్నీ బాగుపడ్డాయి. వెబ్‌సైటు లేక విసిగిపోయి ఉన్న గల్ఫ్ వాళ్ళు ఒక్కసారిగా ఎగబడ్డారు. ఆర్డరు మీద ఆర్డరు. జామ అడిగారు, సపోటా అడిగారు. పెద్దరసం అంట్లయితే మడి మడంతా అడిగేశారు. ఒక్క సంచీ మిగల్లేదు. వ్యాను బాడుగకి మాట్లాడుకోవడమే తరువాయి. జోగారావు ఫోన్లో, "ఇక మీకు ఢోకా లేదండీ" అని నవ్వుతూ పెట్టేశాడు. ఏడాదిలో ఆయన నవ్వడం అదే మొదలు.

మర్నాడు హెల్మీ దగ్గర్నుంచి మాట వచ్చింది. "మీ సర్వరు చిన్నది కదండి, దానిమీద బరువు బాగా పడుతోంది. పెద్దది చేయమంటారా? లేకపోతే బరువైనా తగ్గించండి."

తాతబ్బాయి ఆ మాట రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఒరే, ఎంత పొరపాటు చేశాంరా! ఆ ఆర్డర్లేమిటనుకున్నారు? పూత! లేత అంటుకి అప్పుడే పూత వచ్చేసింది. మొదటి పూత ఉంచితే మొక్క ఉంటుందా?"

"కుంగిపోతుంది" అన్నాడు అబ్బులు.

"పాపం, పరాయిదేశం పిల్లయినా మొక్క బాధ కనిపెట్టి చెప్పింది" అంది బుల్లెమ్మ.

మామిడి అంటుకి మొదట్లో వచ్చే పూతంతా తుంచెయ్యాలి. పనిలో చేరిన మొదటి రోజే నర్సరీ వాళ్ళు నేర్చుకునే పాఠం అది. చిట్టియ్య ఫోను తీశాడు. ప్రతి ఆర్డరు పక్కనా రద్దు అనే మీట ఉంది. తాతబ్బాయి గోటితో ఒక్కొక్కటీ సుతారంగా నొక్కాడు, రెమ్మ నలగకుండా పూత తుంచినట్టు. జామ తుంచాడు. సపోటా తుంచాడు.

"పెద్దరసంవైనా ఉంచు అన్నయ్యా, నాన్నవి" అన్నాడు చిట్టియ్య.

"ఒక్క పిందె చాలురా లేత మొక్కని కూలదోయడానికి" అని తాతబ్బాయి కళ్ళు మూసుకుని అవీ తుంచేశాడు. ఒక్క ఆర్డరు మిగల్లేదు. హెల్మీ నుంచి వెంటనే, "ఇప్పుడు బరువు తగ్గిందండి, హాయిగా ఉంది" అని వచ్చింది. నలుగురూ గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

సాయంత్రానికల్లా గల్ఫ్ నుంచి ఫోన్లు జోగారావుకి వెళ్ళాయి. ఆయన ఇక్కడికి చేశాడు. గొంతు బొంగురుపోయింది.

"తాతబ్బాయి గారూ! ఆర్డర్లన్నీ ఏమయ్యాయండీ?"

"తుంచేశాం బాబూ."

"తుంచేశారా! మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారు?"

"మూడో ఏడు దాకా పూత ఉంచకూడదు కదా. ఆ తర్వాత చూద్దువుగాని కాపు!"

జోగారావు నీరసంగా అడిగాడు, "మరి మీ నాన్నగారి అంట్లండీ? మూడేళ్ళు సంచుల్లోనే ఉంటే వేళ్ళు సుడి తిరిగిపోతాయని మీరే కదా దిగులు పడ్డారు?"

తాతబ్బాయి నవ్వాడు. చదువుకున్నవాళ్ళకి ఇంత చిన్న విషయం ఎందుకు తట్టదో ఆయనకి ఎప్పుడూ అర్థం కాదు. ఫోను చెవికి, భుజానికి మధ్య ఇరికించుకుని మడిలోకి నడిచాడు. అక్కడ వానలో తడుస్తూ అబ్బులు ఒక వరసా, చిట్టియ్య ఒక వరసా, బుల్లెమ్మ ఒక వరసా పట్టుకుని వంగి ఉన్నారు.

"అంత తెలివితక్కువ వాళ్ళమా బాబూ! వేళ్ళు కుడివైపు సుడి తిరుగుతున్నాయి. అందుకే నలుగురం పూటపూటా సంచుల్ని ఎడమవైపు తిప్పుతున్నాం" అని, ఆయన కూడా వంగి ఓ సంచీ తిప్పాడు.